బిళ్ళ గన్నేరు ఋణము

దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అని పెద్దలు మూడు ఋణాలను చెప్పారు. ప్రాణం నిలిపే మందునిచ్చిన మొక్కకు మనం పడిన ఋణం వీటిలో దేని క్రిందకు వచ్చును? నేడీ ప్రశ్న మరింత కఠినమైనది. ఏలయనగా మొక్కను పెంచకుండానే దాని మందును తీయగల విద్య మనుష్యునికి లభించినది.

ఆ విద్య పేరు కణజాల వర్ధనం. ఆకు ముక్కనో వేరు ముక్కనో శుభ్రపరచి, చక్కెర, లవణాలు, హార్మోనులు కలిపిన ఆహారంలో ఉంచుతారు. కణాలు ముద్దగా పెరుగును. వాటిని పెద్ద తొట్లలో, ద్రవంలో వృద్ధిచేసి మందు తీస్తారు. అమెరికాలోని పసిఫిక్ యూ చెట్టు బెరడులో పాక్లిటాక్సెల్ అనే క్యాన్సరు మందు ఉన్నది. బెరడు ఒలిచిన చెట్టు బ్రతకదు. ఇప్పుడు యూ జాతి కణాలే తొట్లలో ఆ మందునిస్తున్నవి. ఇందులో నాకు తప్పేమీ కనబడదు.

అయినా ఒక విచిత్రం చెప్పవలెను. ఇటువంటి పదార్థాలను మొక్క చాలావరకు ఆత్మరక్షణకై చేసుకొనును. కనుక తొట్టిలో మిథైల్ జాస్మోనేట్ కలుపుతారు. అది గాయపడిన మొక్క తనలో తాను పంపుకొనే హెచ్చరిక వంటిది. పురుగు లేదు, గాయం లేదు; కణాలు మాత్రం భయపడి మందును అధికంగా చేయును. (భయమన్న మాట మనది, మొక్కది కాదు.)

మన పొరుగు ద్వీపం మడగాస్కరులో పుట్టిన బిళ్ళ గన్నేరు ఇంత సులభంగా లొంగలేదు. సముద్రాలు దాటిన ఈ మొక్క ఆంధ్రదేశపు పెరళ్లలో అక్కడిదే అన్నట్లు పూయుచున్నది. జమైకాలో దీని ఆకుల కషాయాన్ని మధుమేహానికి త్రాగేవారు. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకులను పరీక్షించగా, చక్కెరకు బదులు తెల్ల రక్తకణాలు తగ్గినవి. 1958లో విన్‌బ్లాస్టిన్ లోకానికి తెలిసినది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ రక్త క్యాన్సరు వచ్చిన పసిపిల్లలను కాపాడుచున్నది. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావలెను. తొట్టిలోని కణముద్ద ఆ మందును చేయలేదు. అందుకు కావలసిన విండొలిన్ తయారగుటకు ఆకులోని వేర్వేరు రకాల కణాలు ఒకదాని పని మరొకటి అందుకొనవలెను.

కనుక ఇప్పటికీ పొలాలలో ఆకు కోయుచున్నారు. తొట్టి గెలిచినచో ఆ కూలివారి గతి ఏమి? యూ చెట్టు విషయంలో తొట్టి ఒక ప్రాణాన్ని కాచినది. బిళ్ళ గన్నేరు ఎక్కడ వేసినా మొలచును. తొట్టి వలన దానికి కలిగే మేలు స్వల్పం, లాభమంతా తయారీదారునిది. ఈ భేదాన్ని మరచి రెండింటినీ ఒకే తీరుగా మెచ్చుకొనరాదని నా అభిప్రాయం.

1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం మొక్కల వలన వచ్చే లాభంలో వాటి స్వదేశానికి న్యాయమైన పాలు ఉండవలెనని చెప్పినది. దానిని ముందుగా ఆమోదించిన దేశాలలో మన మారిషస్ ఒకటి. అప్పటికే మందు పుట్టి మూడు దశాబ్దాలు దాటినవి. 2022లో శాస్త్రజ్ఞులు బిళ్ళ గన్నేరు జన్యువులను ఈస్టులో చేర్చి విండొలిన్‌ను తీసారు. ఆకు అక్కరలేకపోయినను, ఆ పని నేర్పినది ఆకే. పాలు అడుగు హక్కు మడగాస్కరుకు అప్పుడును ఉండవలెను.