దారులు దోచిన ఫుజైల్ (రహ్మలై): తౌబా ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ పూర్తవుతుంది?



కొంతకాలం క్రితం జుమా బయాన్ కోసం దివిసీమలోని ఒక మస్జిదుకు వెళ్ళాము. నమాజు ముగిసింది. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరి సఫ్‌లో ఒకతను మాత్రం లేవకుండా కూర్చునే ఉన్నాడు. వయసు నలభై దాటి ఉంటుంది. దగ్గరికి వచ్చి సలాము చేసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తల వంచుకుని అడిగాడు: "మౌల్‌సాబ్! మనుషుల్ని కొట్టిన చేతులివి. ఈ చేతులెత్తి దుఆ చేస్తే అల్లాహ్ వింటాడా?"

అతని పేరు, ఊరు ఇక్కడ అవసరం లేదు. వయసులో ఉండగా ఒక ముఠా వెంట తిరిగాడు. కొట్టాడు, కొట్టించాడు, దుకాణాల వాళ్ళను బెదిరించి డబ్బు గుంజాడు. జైలుకు వెళ్ళి శిక్ష అనుభవించి వచ్చాడు. ఇప్పుడు ఐదు పూటలా నమాజుకు వస్తున్నాడు. "అల్లాహ్ సంగతి ఆయన చేతిలో ఉంది. కానీ నేను సఫ్‌లో నిలబడితే పక్కవాళ్ళు కాస్త జరిగి నిలబడుతున్నారు మౌల్‌సాబ్" అన్నాడు.

అల్లాహ్ కారుణ్యం గురించి అతనికి వెంటనే చెప్పాము. ఆ పైన మేమూ ఒక మాట అడిగాము: "భాయ్, గుంజుకున్న ఆ డబ్బు మాటేమిటి?" అతను మౌనంగా ఉండిపోయాడు. పక్కకు జరిగి నిలబడే నమాజీల గురించి ఏం చెప్పాలో మాకూ ఆ క్షణాన తోచలేదు. బందరు బస్సు ఎక్కినా ఆ మాట వదలలేదు. అతని బాకీ ఒకటి, మన బాకీ ఒకటి. ఈ రెండింటి గురించే ఈ నాలుగు మాటలు.

గోడ ఎక్కినవాడు దిగివచ్చాడు

హిజ్రీ రెండో శతాబ్దంలో ఖురాసాన్ ప్రాంతంలో అబీవర్ద్, సరఖ్స్ పట్టణాల మధ్య బిడారులు నడిచే బాట ఒకటి ఉండేది. ఆ బాటలో ప్రయాణమంటే వర్తకులకు గుండె దడ. కారణం ఫుజైల్ బిన్ అయాజ్ అనే దోపిడీదారు. ఇమామ్ జహబీ (రహ్మలై) తన 'సియరు అఅలామిన్ నుబలా' గ్రంథంలో ఆయన తౌబా ఉదంతాన్ని నమోదు చేశారు.

ఫుజైల్ ఒక బానిస యువతిపై మనసు పడ్డాడు. ఒక రాత్రి ఆమె కోసం గోడ ఎక్కుతున్నాడు. అదే సమయంలో ఎవరో దివ్యఖుర్ఆన్ పారాయణం చేస్తున్న స్వరం చెవిన పడింది. అది సూరా హదీద్‌లోని 16వ ఆయత్. అల్లాహ్ స్మరణకు హృదయాలు మెత్తబడే వేళ ఇంకా ఆసన్నం కాలేదా అని విశ్వాసులను నిలదీసే ఆయత్. ఆ ప్రశ్న తనకే వేసినట్లనిపించింది. వేళ వచ్చేసిందని తన ప్రభువుకు జవాబిచ్చి, గోడ దిగి వెనక్కి మరలాడు.

చాలా బయానుల్లో ఈ కథ ఇక్కడితో ఆగిపోతుంది. కానీ అసలు ఘట్టం దీని తర్వాతే ఉంది.

ఆ రాత్రి తల దాచుకోవడానికి ఆయన ఒక శిథిలమైన కట్టడంలోకి వెళ్ళాడు. అక్కడ అప్పటికే కొందరు బాటసారులు ఉన్నారు. బయలుదేరదామని కొందరు అంటున్నారు. వద్దు, తెల్లవారనీయండి, దారిలో ఫుజైల్ ఉంటాడు, దోచుకుంటాడు అని మరికొందరు ఆపుతున్నారు. తాను పాపం కోసం రాత్రుళ్ళు తిరుగుతుంటే, తన పేరు విని ముస్లిములు భయంతో ముడుచుకుపోతున్నారని ఆయన చెవులారా విన్నాడు. అల్లాహ్ తనను అక్కడికి చేర్చింది ఈ మాట వినిపించడానికేనని గ్రహించాడు. అక్కడికక్కడే తౌబా చేసి, శేష జీవితం కాబతుల్లాహ్ పొరుగున గడుపుతానని నిశ్చయించుకున్నాడు.

సోదరులారా! గమనించండి. ఆయత్ ఆయన మనసును కరిగించింది. తాను మనుషులకు ఏం చేశాడో తెలియజెప్పింది మాత్రం ఆ బాటసారుల భయం. దైవభీతి ఒక్కటే కలిగి, తన వల్ల నొచ్చినవాడి బాధ తెలియకపోతే తౌబా సగంలోనే ఆగిపోతుంది. మన ముస్సల్లా మీద కన్నీళ్ళు కారుతాయి, కానీ మన పేరు చెబితే వణికే ఇల్లు ఒకటి వీధి చివర అలాగే ఉండిపోతుంది.

ఆ తర్వాత ఫుజైల్ (రహ్మలై) కూఫాలో హదీసు విద్య అభ్యసించారు. మక్కాలో స్థిరపడ్డారు. అబ్దుల్లాహ్ బిన్ ముబారక్, సుఫ్‌యాన్ బిన్ ఉయైనా, ఇమామ్ షాఫయీ వంటి మహనీయులు ఆయన నుండి హదీసులు గ్రహించారు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిమ్ రెండింటిలోనూ ఆయన ఉల్లేఖనాలున్నాయి. హిజ్రీ 187 (క్రీ.శ. 803)లో మక్కాలోనే పరమపదించారు. ఒకనాడు ఆయన ఉన్నాడని దారి మానుకున్నారు జనం. తర్వాత ఆయన ఉన్నారనే దూర దేశాల నుండి వెతుక్కుంటూ వచ్చారు.

వంద హత్యల తర్వాత కూడా

ఒకవేళ ఎవరైనా, "ఫుజైల్ దోచాడు, నేను అంతకంటే ఘోరం చేశాను" అనుకుంటే, హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసు అతని కోసమే. బుఖారీ, ముస్లిమ్ గ్రంథాల్లో ఉంది. పూర్వ సమాజంలో ఒకడు 99 మందిని చంపాడు. తౌబాకు దారి ఉందా అని ఒక సన్యాసిని అడిగాడు. లేదన్నాడతను. అతన్నీ చంపి లెక్క నూరు చేశాడు. తర్వాత ఒక పండితుని దగ్గరికి వెళ్ళాడు. నీకూ తౌబాకూ మధ్య అడ్డు నిలవగలవారు ఎవరూ లేరని ఆ పండితుడు చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. నీ ఊరు చెడ్డది, అక్కడికి తిరిగి వెళ్ళవద్దు, అల్లాహ్‌ను ఆరాధించేవారున్న ఫలానా ఊరికి వెళ్ళి వారితో కలిసి ఉండమన్నాడు. అతను బయలుదేరాడు. సగం దారిలోనే మరణించాడు. కారుణ్య దూతలు, శిక్షా దూతలు అతని కోసం వాదులాడుకున్నారు. దూరం కొలిచి చూస్తే మంచి ఊరి వైపు జానెడు దగ్గరగా ఉన్నాడు. కారుణ్య దూతలు తీసుకువెళ్ళారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, జ్ఞానం లేని భక్తుడు తలుపు మూసేశాడు, జ్ఞాని తెరిచి చూపాడు. నిరాశపరిచే మాట ఒక ప్రాణాన్ని బలిగొంది. రెండు, తౌబా చేసినవాడు పాత ముఠా కూర్చునే అరుగు మీదే కూర్చుంటే తౌబా నిలవదు. సావాసం మారాలి, అవసరమైతే ఊరే మారాలి. మరి అతన్ని చేర్చుకోవడానికి మంచివాళ్ళ ఊరు ఒకటి ఉండాలి కదా! ఈ మాట దగ్గరికి మళ్ళీ వద్దాం.

చిలకలపూడి నగ వంటి తౌబా

బందరు పక్కన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు మనందరికీ తెలుసు. కొత్తలో అసలు బంగారానికీ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. పైన పూత, లోపల వేరే లోహం. వాడగా వాడగా రంగు బయటపడుతుంది. నగకు అది తప్పు కాదు, కొనేవాడికి తెలిసే కొంటాడు. తౌబాలో మాత్రం పూత పనికిరాదు. గడ్డం పెంచి, టోపీ పెట్టి, లోపల ఇతరుల సొమ్ము అలాగే అట్టిపెట్టుకుంటే అది పూత తౌబాయే.

తౌబాకు మూడు షరతులని ఉలమా చెప్పారు. పాపాన్ని వెంటనే మానాలి. చేసినదానికి లోలోపల కుమిలిపోవాలి. మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవాలి. పాపం సాటి మనిషికి సంబంధించినదైతే నాలుగో షరతు చేరుతుంది: అతని హక్కు అతనికి చెల్లించాలి, లేదా అతని చేత మాఫీ పొందాలి. వీటినే హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కులు అంటారు.

దారిదోపిడీదారుల శిక్షను దివ్యఖుర్ఆన్ సూరా మాయిదా 33వ ఆయత్‌లో తెలిపింది. ఆ వెంటనే 34వ ఆయత్‌లో, పట్టుబడక ముందే తౌబా చేసుకున్నవారికి మినహాయింపు ఇచ్చింది. దీన్ని వివరిస్తూ ఫుఖహా ఒక సూక్ష్మం చెప్పారు. ఆ తౌబాతో అల్లాహ్ హక్కుగా ఉన్న శిక్ష తొలగిపోతుంది. హతుని వారసుల హక్కు, సొమ్ము పోగొట్టుకున్నవాడి హక్కు మాత్రం తొలగిపోవు. క్షమించేదీ, పరిహారం తీసుకునేదీ వారి ఇష్టం.

ముఫ్లిస్ (దివాలా తీసినవాడు) హదీసు గుర్తు చేసుకోండి. సహీహ్ ముస్లిమ్‌లో ఉంది. ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ మోసుకుని ఒకడు వస్తాడు. కానీ ఒకర్ని తిట్టి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, ఒకరి రక్తం చిందించి ఉంటాడు. అతని పుణ్యాలు తీసి వాళ్ళకు పంచుతారు. పుణ్యాలు అయిపోయాక వాళ్ళ పాపాలు ఇతని నెత్తిన వేస్తారు. అంతటి నమాజీ చివరికి నరకంపాలవుతాడు. అల్లాహ్ కాపాడుగాక!

మరి ఎలా చెల్లించాలి? సొమ్ము యజమాని బ్రతికి ఉంటే అతనికే ఇవ్వాలి. చనిపోతే వారసులకు ఇవ్వాలి. అతను ముస్లిమైనా, హిందువైనా, క్రైస్తవుడైనా హక్కు హక్కే. ఎదుటపడితే గొడవలు రేగుతాయనుకుంటే నమ్మకమైన పెద్దమనిషి ద్వారా పంపవచ్చు. ఎంత వెదికినా ఆచూకీ దొరకకపోతే, యజమాని పేరున పేదలకు దానం చేయాలి. అందులో తన పుణ్యం ఆశించకూడదు, ఎందుకంటే ఆ సొమ్ము తనది కాదు. ఒకేసారి ఇచ్చే స్తోమత లేకపోతే కొద్దికొద్దిగా ఇవ్వాలి. చట్టం విధించిన శిక్షను తప్పించుకోకుండా అనుభవించాలి.

హజ్రత్ ఫరీదుద్దీన్ అత్తార్ (రహ్మలై) తన 'తజ్కిరతుల్ ఔలియా'లో ఫుజైల్ తాను దోచినవారిని ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్ళారని రాశారు. ఒక యూదుడు మాఫీ చేయనని, ఇసుక దిబ్బ చూపించి అది తొలగిస్తే చూద్దామన్నాడట. ఆయన రాత్రింబవళ్ళు పార పట్టారట. ఎదుటివాడి మతం చూడలేదు, అతను పెట్టిన కష్టానికి ఎదురు చెప్పలేదు. బాకీపడ్డవాడు ఉండవలసిన తీరు అది.

ఇక మన బాకీ

ఉహుద్‌లో దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ హమ్జా (రజి)ను చంపిన వహ్షీ ఆ తర్వాత ఇస్లాం స్వీకరించాడు. దైవప్రవక్త (స) ఆయన ఇస్లాంను తిరస్కరించలేదు. అయితే వీలైతే తన కళ్ళకు కనబడకుండా ఉండమన్నారు. చూసినప్పుడల్లా గాయం రేగుతుంది కదా! నష్టపోయిన కుటుంబానికి ఆ పాటి హక్కుంది. నవ్వుతూ పలకరించమని వారిని మనం బలవంతపెట్టలేము. ఆ వహ్షీ (రజి)యే తర్వాత యమామా యుద్ధంలో అబద్ధపు ప్రవక్త ముసైలిమాపై ఈటె విసిరి, అతన్ని హతమార్చడంలో పాలుపంచుకున్నారు. తిరిగివచ్చినవాడికి సమాజంలో ఒక పని, ఒక స్థానం మిగిలే ఉన్నాయన్నమాట.

మద్యం తాగి శిక్ష పొందిన ఒకతన్ని ఒకరు శపిస్తే, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతాన్‌కు తోడ్పడవద్దని దైవప్రవక్త (స) వారించారు. సఫ్‌లో జరిగి నిలబడేవారు ఈ హదీసు ముందు ఒక్క క్షణం ఆగాలి. మనం పక్కకు జరిగిన ఖాళీలో ఎవరు వచ్చి నిలబడతారు? పాత ముఠావాళ్ళు అతన్ని చూసి జరిగిపోరు. టీ ఇప్పించి పక్కన కూర్చోబెట్టుకుంటారు.

మనకు దూరం కాని ఒక ఉదాహరణ చూడండి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు తెలియని తెలుగువాడు లేడు. 1871లో బ్రిటిషువారు ఒక చట్టం చేసి కొన్ని జాతులకు పుట్టుకతోనే నేరస్తులన్న ముద్ర వేశారు. అలా ముద్ర పడిన ఎరుకల కుటుంబాల కోసం 1913లో ఆ సెటిల్‌మెంటు ఏర్పాటై, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో నడిచింది. చట్టం 1952లో రద్దయింది. కానీ జనం నాలుకల మీది ముద్ర పోలేదు. దొంగతనం ఎరగని పిల్లవాడు కూడా ఊరి పేరు చెప్పడానికి జంకవలసి వచ్చింది. ఒకరి పాపభారం మరొకరు మోయరన్నది దివ్యఖుర్ఆన్ బోధ. అలాంటప్పుడు తండ్రి చేసినదానికి కొడుకును వేలెత్తి చూపడం మనకు తగునా?

1970వ దశకంలో లవణం, హేమలత దంపతులు ఆ ఊళ్ళో అడుగుపెట్టారు. ఆమె మహాకవి జాషువా కుమార్తె. ఆయన, మన కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా కుమారుడు. దైవాన్ని నమ్మని ఆ ఇంటివారు, నేరస్తులని ముద్రపడ్డవారి గుమ్మాల్లో కూర్చుని, ఏళ్ళ తరబడి మాట్లాడి, పాత బ్రతుకు మానేలా ఒప్పించి, సంస్కరణకు పాటుపడ్డారు. వారి విశ్వాసాలతో మనకు ఏకీభావం లేదు. కానీ ప్రతి రకాతులో అర్రహ్మాన్, అర్రహీమ్ అని పలికే మనం, మన పక్కన నిలబడ్డవాడికి భుజం ఇవ్వలేకపోతే రేపు ఏ ముఖంతో జవాబు చెబుతాం?

కళ్ళు మూసుకుని నమ్మమని మేము అనడం లేదు. ఒక్క అబద్ధం బయటపడితే ఉల్లేఖకుణ్ణి పక్కన పెట్టే హదీసువేత్తలు ఫుజైల్‌ను పరిశీలించారు, తర్వాతే నమ్మారు. పరిశీలన వేరు, వెలివేయడం వేరు. ముందు సలాముకు జవాబివ్వండి. భుజం కలిపి నిలబడండి. కష్టపడి బ్రతికే పని ఒకటి చూపండి. అతని పిల్లల్ని తండ్రి గతం పేరుతో ఎత్తిపొడవకండి.

యువ సోదరులారా! తలుపు తెరిచే ఉంది కదా, వయసైపోయాక తౌబా చేసుకుందామనుకోవద్దు. మరణం కళ్ళెదుట నిలిచేదాకా పాపాల్లోనే ఉండి, అప్పుడు తౌబా అన్నవారి తౌబా చెల్లదని సూరా నిసా 18వ ఆయత్ హెచ్చరిస్తోంది. ముఠా నాయకుల్ని సినిమాల్లో చూసి మురిసిపోవద్దు. వాళ్ళు కూల్చిన ఇళ్ళు సినిమాలో కనబడవు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమ పొలాలను సముద్రపు నీరు ముంచెత్తింది. ఆ భూమి చెడిపోయిందని మన రైతులు వదిలేయలేదు. మంచినీరు పెట్టి, ఉప్పును కడిగి, మళ్ళీ వరి పండించారు. అయితే మంచినీరు పెడితే చాలదు. ఉప్పునీరు బయటికి పోయే దారి కూడా ఉండాలి. నమాజు మంచినీరు. బాకీ తీర్చడం ఆ మురుగు కాలువ.

చివరగా ఆ సోదరుని సంగతి. కొన్ని నెలల తర్వాత అతను మళ్ళీ కలిశాడు. డబ్బు గుంజిన దుకాణం గుడివాడలో ఉందట. యజమాని చనిపోయాడు. కొడుకు చేతిలో మొదటి నెల డబ్బు పెడితే, అతను మాట్లాడకుండా లెక్కపెట్టి తీసుకుని కూర్చోమని కూడా అనలేదట. "మూడో నెలలో మంచినీళ్ళిచ్చాడు మౌల్‌సాబ్" అని చెబుతుంటే అతని గొంతు పూడుకుపోయింది. ఆ రోజు అసర్ నమాజులో మేము ఇమామత్ చేయలేదు. సఫ్‌లో అతని పక్కనే నిలబడ్డాము.

ఓ అల్లాహ్! మేము నీకు చేసిన అపరాధాలు క్షమించు. నీ దాసులకు పడిన బాకీలు ఇహలోకంలోనే తీర్చే భాగ్యం ప్రసాదించు. తిరిగివచ్చేవారికి తలుపు మూసేవారిలో మమ్మల్ని చేర్చకు. ఆమీన్.