నీటిని నొప్పించని వేగం

జైన సాధువు పడవ ఎక్కవచ్చా? తప్పనిసరైతే ఎక్కవచ్చునంటుంది ఆచారాంగ సూత్రం. ఆ గ్రంథం రెండో భాగంలో పడవ ప్రయాణం గురించి వివరంగా నియమాలున్నాయి. ఎక్కాక పడవవాడు తాడు లాగమన్నా సాధువు ఉలకకూడదు, పలకకూడదు. అడుగున చిల్లుపడి నీళ్లు ఊరుతున్నా నోరు మెదపకూడదు. తోటి ప్రయాణికులకు ఒళ్లు మండిపోయే నియమమే ఇది! కానీ జైనుల దృష్టిలో నీటిదీ ప్రాణమే. నీరే దేహంగా బతికే జీవులను వారు అప్కాయ జీవులంటారు. ఆ నీటిని చీల్చే పనిలో తన చెయ్యి ఉండకూడదన్నది సాధువు పట్టు.

సంసారులకు అంత నిష్ఠ సాధ్యం కాదు. అయినా ఆ పట్టు వెనకున్న ప్రశ్న వాళ్లనూ వదలదు. ఒకరి తొందరకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

నదిలో వేగంగా పోయే మామూలు లాంచీని చూస్తే ఇది తెలుస్తుంది. ఇంజను శక్తిలో పెద్ద వాటా నీటిని పక్కలకు నెట్టి అలలు లేపడానికే పోతుంది. ఆ అల ఒడ్డు చేరేసరికి లాంచీ దాటిపోయి ఉంటుంది. కోసుకుపోయే ఒండ్రు గట్టునూ, తలకిందులయ్యేలా ఊగే చేపల పడవనూ లాంచీలో కూర్చున్నవాళ్లు చూడరు.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన విరుగుడు హైడ్రోఫాయిల్. పడవ కింద నీళ్లలో రెక్కలు అమరుస్తారు. గాలి కంటే నీరు సుమారు 800 రెట్లు చిక్కన కాబట్టి చిన్న రెక్కే పడవ మొత్తాన్ని పైకెత్తగలదు. పడవ పొట్ట నీటిని వదిలితే అల కూడా తగ్గుతుంది. సోవియట్ రూపశిల్పి రోస్తిస్లావ్ అలెక్సేయెవ్ తయారుచేసిన 'రకేతా' 1957లో వోల్గా నదిపై గోర్కీ నగరం నుంచి కజాన్ దాకా 420 కిలోమీటర్లను ఏడు గంటల్లో చేరింది. 2024లో స్టాక్‌హోమ్‌లో తిరగడం మొదలుపెట్టిన 30 సీట్ల విద్యుత్ పడవ కాండెలా పి-12 కథ ఇంకా ఆసక్తికరం. అక్కడి జలమార్గంలో 12 నాట్ల వేగపరిమితి ఉంది. ఈ పడవ లేపే అల స్వల్పం కాబట్టి దానికి మినహాయింపు ఇచ్చారు. వేగంగా వెళ్లడమే తక్కువ హాని అని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు!

స్టాక్‌హోమ్‌లో సరిపోయిన ఈ లెక్క గంగలో సరిపోతుందా? బీహార్‌లో సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా సుమారు 60 కిలోమీటర్ల గంగ 1991 నుంచి విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యం. ప్రయాగ–హల్దియా జాతీయ జలమార్గం దాని మధ్యనుంచే పోతుంది. గంగా డాల్ఫిన్ కంట్లో కటకం ఉండదు. అది దాదాపు గుడ్డిది. తాను చేసే శబ్దం ప్రతిధ్వనించి వస్తే దాన్నిబట్టి దారీ తిండీ వెతుక్కుంటుంది. ఊపిరి కోసం మాటిమాటికీ పైకి రావాలి. అలాంటి జీవి ఉన్నచోట, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో నీటి లోపల దూసుకొచ్చే రెక్క కత్తి లాంటిదే. పైన అల లేదు కాబట్టి హాని లేదనుకుంటే పొరపాటు.

మరి అక్కడ నెమ్మదిగా పొమ్మంటే సరిపోదా? అసలు చిక్కు ఇక్కడే. రెక్క ఎత్తే బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. పడవ కిందికి దిగి మళ్లీ పొట్టతో నీళ్లు తోస్తుంది. డాల్ఫిన్‌ను కాపాడబోతే గట్టుకు దెబ్బ.

అందుకే నదుల్లాంటి జలాలకు జంట పొట్టల కాటమరాన్ నప్పుతుంది. రెండు సన్నటి పొట్టలు కావడంతో నెమ్మదిగా పోయినప్పుడూ పెద్ద అల లేవదు. రెక్కను రెండు పొట్టల మధ్య అడ్డంగా బిగిస్తే రెండు చివర్లా ఆధారం దొరుకుతుంది. దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో గుంటర్ హోపే అభివృద్ధి చేసిన 'హైసుకాట్' పద్ధతి ఇదే. అందులో రెక్క బరువులో కొంతే మోస్తుంది, మిగతాది పొట్టలు మోస్తాయి. అది పూర్తిగా ఎగరదు. కానీ రెక్క పొట్టల అడుగు దాటి కిందికి వేలాడదు కాబట్టి వేసవిలో ఇసుక మేటల మధ్య నయం. నిలిచి ఉన్న రకేతాకైతే 1.8 మీటర్ల లోతు కావాల్సి వచ్చేది.

ఏమరుపాటుతో ప్రాణానికి హాని చేయడమే హింస అని జైన గ్రంథం తత్త్వార్థసూత్రం నిర్వచనం. అందుకే ఈర్యా సమితి నియమం సాధువును కాడి పొడవు మేర నేల చూసుకుంటూ నడవమంటుంది. అంటే చూపు ఎంతో నడక అంతే. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. మడ్డి నీళ్లలో ఉన్న డాల్ఫిన్‌ను చూసి పడవ ఆపగల సరంగు ఎవరూ ఉండరు. కనిపించలేదు కాబట్టి తప్పు లేదనడం ఈ నియమం ముందు చెల్లదు. కనిపించనప్పుడు ఆ వేగమే తప్పు. ఇంజను మోత సంగతి వేరే ఉంది: నీరు తగ్గిన కాలంలో పడవల శబ్దం ఈ డాల్ఫిన్లను ఎంత శారీరక ఒత్తిడికి గురిచేస్తుందో 2019లో వెలువడిన పరిశోధన చూపింది.

కాబట్టి గంగ మీద రెక్కల కాటమరాన్ తిప్పదలిస్తే తిప్పవచ్చు. ఆ 60 కిలోమీటర్లలో మాత్రం అది విద్యుత్ మోటారుతో, జంట పొట్టల మీద, నెమ్మదిగానే పోవాలి. గంటకు 15 కిలోమీటర్లయితే నాలుగు గంటలు పడుతుంది, దాదాపు మూడు గంటలు అదనం. కూలికో, ఆసుపత్రికో పోయేవారికి అది చిన్న నష్టం కాదు. అయితే తొందరున్నవారికి సుల్తాన్‌గంజ్, భాగల్‌పూర్, కహల్‌గావ్ మీదుగా గంగ ఒడ్డు వెంట రైలు ఉంది. డాల్ఫిన్లకు నది తప్ప వేరే దారి లేదు.