కనబడని అలంకారము



ముఖానికి రంగు పూసుకోవచ్చునా, కూడదా అనే ప్రశ్న మన సంఘములలో పాతదే. దానికి మనము చెప్పుకొనే జవాబులూ పాతవే. అయితే ఇప్పుడు ఆ ప్రశ్న రూపము మారింది. మన అమ్మాయిలు పూసుకొనేది పూసుకొన్నట్టు కనబడదు. ఆఫీసుకో, కాలేజీకో, కూరగాయల బజారుకో వెళ్లే మామూలు రోజున ముఖము కడుక్కొని, తల దువ్వుకొని వచ్చినట్టే ఉంటారు. దాని వెనుక పది నిమిషముల పని ఉంటుంది. దీనిని వాళ్లు "నేచురల్ లుక్" అంటారు. సహజముగా కనబడడానికి చేసే ఈ పని నిరాడంబరమా, లేక ఆడంబరము కన్నా లోతైన దాపరికమా? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో నుండి రాలేదు. మేము చేసిన ఒక తప్పులో నుండి వచ్చింది గనుక ముందు దానిని చెప్పుకొంటాము.

కొన్ని సంవత్సరముల క్రితము కర్ణాటకలోని ఒక తెలుగు సంఘములో స్త్రీల కూడికకు మమ్మల్ని మాట్లాడమని పిలిచారు. ముందు వరుసలో కాలేజీ చదువుతున్న ఒక అమ్మాయి ఎర్రని లిప్‌స్టిక్ వేసుకొని కూర్చున్నది. మేము పేరు ఎత్తలేదు గాని, ఎవరిని గురించి మాట్లాడుతున్నామో అందరికీ తెలిసేటట్టే మాట్లాడాము. అంతటితో ఊరుకోలేదు. రెండవ వరుసలో ఉన్న ఒక ఉపాధ్యాయురాలిని చూపించి, "ఈ సహోదరిని చూడండి, సబ్బు నీళ్లు తప్ప మరేమీ ఎరుగని ముఖము" అన్నాము. అందరూ ఆమె వైపు చూశారు. ఆ అమ్మాయి తల వంచుకొన్నది.

కూడిక అయ్యాక టీ ఇస్తుండగా ఆ ఉపాధ్యాయురాలు మా ఇంటివారిని, మమ్మల్ని పక్కకు పిలిచారు. చేతిరుమాలు అంచు నీళ్లలో తడిపి ఒక చెంప తుడుచుకొన్నారు. చెంప ఎముక మీద అరచేయి పాటి మంగు మచ్చ. "రెండో కాన్పు తరువాత వచ్చిందండీ, అయ్యగారూ. పన్నెండేళ్లుగా రోజూ కప్పుకొనే వస్తున్నాను. మీరు మెచ్చుకొన్నది దీన్నే" అన్నారు. కాసేపు ఆగి, "పాపం, ఆ పిల్ల దాచిందేమీ లేదు" అన్నారు.

నిజమే. ఎర్రని లిప్‌స్టిక్ తాను లిప్‌స్టిక్‌నని చెప్పుకొంటుంది. దానిని చూసి ఆ అమ్మాయి పెదవులు పుట్టుకతోనే అంత ఎరుపు అని ఎవరూ మోసపోరు. మేము బాహాటముగా ఉన్నదానిని గద్దించి, దాచినదానిని మెచ్చుకొన్నాము.

వాక్యమును అడ్డము పెట్టుకొని తప్పించుకోవచ్చు గాని, అక్కడ కూడా సంగతి అంత సులభముగా లేదు. యెజెబెలు కన్నులకు రంగు పూసుకొన్నదని మనము మరచిపోము. ఆ పేరును తిట్టుగా కూడా వాడుకొంటాము. ఎస్తేరు రాజు యెదుటికి వెళ్లక ముందు పన్నెండు నెలలు తైలములతోను సుగంధ ద్రవ్యములతోను సిద్ధపరచబడిన సంగతి మాత్రము త్వరగా చదివి దాటిపోతాము. యోబు శ్రమలన్నీ తీరిన తరువాత పుట్టిన మూడవ కుమార్తె పేరు కెరెంహప్పుకు. హెబ్రీ భాషలో ఆ మాటకు అర్థము కాటుక పోసి ఉంచుకొనే కొమ్ము. అంత నీతిమంతుడైన తండ్రి కూతురికి కాటుక భరిణె అని పేరు పెట్టుకొన్నాడన్నమాట!

ఈ ప్రశ్నను అన్యులు కూడా విచారించారు. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దములో గ్రీకు రచయిత క్సెనొఫోను ఇంటి నిర్వహణను గురించి ఒక గ్రంథము వ్రాశాడు. అందులో ఇస్కోమకుసు అనే గృహస్థుడు సోక్రటీసుకు తన కాపురము సంగతి చెబుతాడు. అతని చిన్న వయస్సు భార్య ఒకనాడు ఉన్న రంగు కన్నా తెల్లగా కనబడడానికి సీసపు తెల్లపొడి, ఎరుపుకు ఒక వేరు రంగు పూసుకొని, పొడవుగా కనబడడానికి ఎత్తు చెప్పులు వేసుకొని వచ్చిందట. అతడు కోప్పడలేదు. నేను నకిలీ వెండిని నిజమైన వెండి అని చూపి, లేని ఆస్తి ఉన్నదని చెబితే నీవు నన్ను ఎక్కువగా ప్రేమిస్తావా అని అడిగాడు. ఆమె ప్రేమించనన్నది. ఇదీ అటువంటిదే అన్నాడు. బయటివారిని మోసము చేయవచ్చు గాని, కలిసి బ్రతికేవారి యెదుట చెమట, కన్నీళ్లు, స్నానపు నీళ్లు గుట్టు బయట పెడతాయని కూడా అన్నాడు.

ఇది గట్టి వాదమే. అయితే నకిలీ వెండి ఒకరి సొత్తును అపహరిస్తుంది. ఆ ఉపాధ్యాయురాలి చెంప ఎవరి సొత్తును అపహరించింది? మచ్చ సంగతి భర్తకు తెలుసు, పిల్లలకు తెలుసు, డాక్టరుకు తెలుసు. తెలియనివారు ఆమె చెంపతో ఏ లావాదేవీ లేనివారే. అబద్ధము అనాలంటే ఎదుటివానికి తెలియవలసిన హక్కు ఒకటి ఉండాలి గదా. ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చినవాడు తన బట్టలు ఎన్నడూ నలగవని మనకు మాట ఇవ్వడము లేదు. లిప్‌స్టిక్‌ను గురించి గట్టిగా మాట్లాడే పెద్దలలో కొందరి మీసము అరవై దాటినా ఎందుకు అంత నల్లగా ఉంటుందో కూడా మనము అడగము. (మా జుట్టు విషయము మా ఇంటివారికి తెలుసు.)

పైగా ఇది కొత్త నాగరికత కాదు. మన అమ్మమ్మలు వాడిన "స్నో" ఎందుకు స్నో అయింది? స్టియరిక్ ఆమ్లముతో చేసిన ఆ క్రీము డబ్బాలో మంచులాగా తెల్లగా ఉండి, చర్మము మీద రుద్దగానే మాయమయ్యేది. ఇంగ్లీషులో దానిని వానిషింగ్ క్రీము అనే పిలిచారు. అంటే కనబడకపోవడమే దాని గొప్ప. ఇక ఆముదపు దీపము మీద ఇత్తడి పళ్లెము బోర్లించి పట్టిన మసి మన ఇళ్లలో కాటుక, కన్నడ ఇరుగుపొరుగు ఇళ్లలో కాడిగె, తమిళుల ఇళ్లలో కణ్మై.

ఆ సహోదరి తరువాత చెప్పిన సంగతి మమ్మల్ని ఎక్కువగా కలతపెట్టింది. మొదట్లో ఆమె కప్పుకోలేదట. "పై పూతలు ఎందుకు, రోగమే పోగొట్టుకో" అని అందరూ సలహా చెబితే, డాక్టరు చీటీ లేకుండా మందుల షాపులో ఒక ట్యూబు కొని నెలల తరబడి రాసిందట. అటువంటి వాటిలో స్టీరాయిడ్ కలిసి ఉంటుంది. ముందు మచ్చ తగ్గినట్టే ఉంటుంది. తరువాత చర్మము పలచబడి, ఎర్రబడి, ఎండ తగిలితే మండుతుంది. మానేస్తే మచ్చ మళ్లీ వస్తుంది. తెల్లబరుస్తామనే క్రీములు కొన్నింటిలో పాదరసము కూడా ఉంటుంది. అది చర్మముతో ఆగదు, మూత్రపిండముల వరకు పోతుంది. పూత అబద్ధమని, మార్పు నిజమని మనము ఊరికే అనేస్తాము. ఆమె విషయములో రాత్రి కడిగితే పోయే పూత హాని చేయలేదు. "నిజమైన" మార్పే హాని చేసింది.

ఆమె రోజూ చేసే పని మా ఇంటివారు అడిగి తెలుసుకొన్నారు. ముందు ముఖము కడుక్కొని ఎండ నుండి కాపాడే సన్‌స్క్రీన్ క్రీము, అదీ చర్మపు రంగు కలిసినది. మంగు మచ్చలను ఎండలోని కంటికి కనబడే వెలుగు కూడా నల్లబరుస్తుంది గనుక, అందులోని ఇనుప ఆక్సైడు రంగు దానిని కొంత ఆపుతుంది. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున పిండుకోవాలి. మొక్కుబడిగా చుక్క పెడితే పనిచేయదు. తరువాత మచ్చ మీద మాత్రము నారింజ ఛాయ ఉన్న పూత కందిగింజంత, దాని మీద తన రంగు పూత మరి కందిగింజంత. రుద్దకూడదు, ఉంగరపు వేలితో అద్దాలి. మిగతా ముఖమును ముట్టుకోకూడదు. ముఖమంతా పూస్తే గోడకు సున్నము కొట్టినట్టు అవుతుందట. కొంచెము పౌడరు, సన్నని కాటుక, పెదవులకు వెన్నలాంటి బామ్. రాత్రి కొబ్బరినూనెతో తుడిచి కడుక్కోవడము. క్రొత్త వస్తువు ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒకటి రెండు రోజులు చూసుకోవడము.

రంగు ఎన్నుకోవడమే కష్టమట. షాపు లైట్ల క్రింద కాదు, గుమ్మము బయట పగటి వెలుగులో దవడ అంచున రాసి చూడాలి. ఆమె మొదలుపెట్టిన రోజులలో సీసా మీద "సహజ వర్ణము" అని ఉన్నది ఆమె వర్ణము కాదు. ఇంకెవరి సహజమో అది. రెండు సీసాలు కొని కలుపుకొనేదట. అమెరికాలో 2017లో ఒక గాయని కంపెనీ ఒకేసారి 40 ఛాయలు తెచ్చేవరకు, నల్లని చర్మము గలవారికి వస్తువు ఉండాలనే ఆలోచన పెద్ద కంపెనీలలో చాలవాటికి గట్టిగా పట్టలేదు. మన దేశములో 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోని "ఫెయిర్" అనే మాటను 2020లో గాని తీసివేయలేదు.

ఇక్కడ మన ఇళ్లను కూడా తడుముకోవాలి. పెండ్లిచూపులకు వెళ్లి అమ్మాయిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూసినవారు మన సంఘములలో లేరా? ఫోటోలో ఒక రంగు, ఎదుట ఒక రంగు అని సంబంధము వదులుకొన్నవారు లేరా? ఇప్పుడు ఆ ఫోటోను ఫోనే తెల్లగా చేసి ఇస్తున్నది. పెండ్లి మాటలలో మాత్రము దాపరికము తగదనే మేము అంటాము, ఎందుకంటే అక్కడ ఎదుటివారికి తెలియవలసిన హక్కు ఉంది. అయితే ఆ గదిలో మొదటి తప్పు పూసుకొన్న పిల్లదా, రంగు కొలవడానికి వచ్చిన మనదా? ముఖము సహజముగా ఉండాలని, అదే నోటితో మచ్చ లేకుండా ఉండాలని అడిగేది మనమే. ఆ రెండు కోరికలూ ఒకేసారి తీర్చాలంటే కనబడని పూత తప్ప ఆమెకు మరి దారి లేదు.

మరుసటి సంవత్సరము అదే సంఘమునకు వెళ్లాము. ఉపాధ్యాయురాలు ఎప్పటివలెనే వచ్చారు, ఎప్పటివలెనే కప్పుకొని. ఆ అమ్మాయి చివరి వరుసలో, లిప్‌స్టిక్ లేకుండా కూర్చున్నది. కూడిక తరువాత దగ్గరకు వెళ్లి, ఆ రోజు తప్పుగా మాట్లాడాము, క్షమించమ్మా అన్నాము.

"పర్వాలేదు అయ్యగారూ" అన్నది. తరువాత, "అయితే వేసుకోవచ్చా?" అని అడిగింది.

అది మేము చెప్పవలసిన సంగతి కాదేమో తల్లీ అన్నాము.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పారు?" అన్నది. మా ఇంటివారు నవ్వారు. మేము నవ్వలేకపోయాము.