దీప మార్పిన దోషము తీరునా?

ఇంటిలో దీపము వెలుగుచున్నచో శుభమని మనవారి నమ్మిక. సంధ్యవేళ దీపము పెట్టిన ఇల్లాలు దానికి చేతులు జోడించును. అది ఆరినదని చెప్పుటకు నోరు రాక ‘కొండెక్కినది’ అందుము. ఇట్టి మనకు, వెలిగినంతనే గుండె ఝల్లుమనిపించు దీప మొకటి ఈ యంత్రయుగమున దాపురించినది. మోటారు కారులో నడుపువాని యెదుట, వేగమును చూపు ముల్లు ప్రక్కన, ఇంజను బొమ్మ ఆకారమున పసుపుపచ్చగా వెలుగు చిన్న దీప మది. ‘చెక్ ఇంజన్ లైటు’ అని పిల్లలు సయితము దాని నెరుగుదురు. ఆ దీపమును గురించి తత్త్వవిచార మేమని చదువరులు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వినవారమే.

తుర్విహాళలోని మా యింట పదేండ్లు దాటిన పెట్రోలు కారొకటి యుండెడిది. ఒక యేడు వరికోతల నాళ్లలో దానిలో ఈ దీపము వెలిగినది. సింధనూరులో ఒక మెకానిక్కు వద్దకు తీసికొనిపోతిమి. అతడు చిన్న పరికర మొకదానిని కారునకు తగిలించి, అందు కనబడిన సంకేతమును చదివినాడు: పి 0171. ఇంజనులోనికి పోవు మిశ్రమమున గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని యర్థము. శుద్ధమైన పెట్రోలు సరిగా మండుటకు, తూకమున దాని పాలు ఒకటికి గాలి సుమారు 14.7 పాళ్లు కావలెను. పొగ పోవు గొట్టములో అమర్చిన ఆక్సిజన్ సెన్సారు, మండగా మిగిలిన ప్రాణవాయువును బట్టి ఈ పాళ్లు తప్పినవో లేదో కంప్యూటరునకు తెలుపుచుండును. ‘సెన్సారు పోయిందండీ’ అని మెకానిక్కు తేల్చినాడు. క్రొత్తది వేయించితిమి. దీప మారినది. మూడవనాడు మరల వెలిగినది.

తరువాత ఆలోచించిన కొలది మాకు సుందరకాండ జ్ఞప్తికి వచ్చినది. హనుమంతుడు తెచ్చిన మాట రావణునకు రుచింపలేదు; దూతను చంపుమన్నాడు. దూత వధార్హుడు కాడని విభీషణుడు వారించినాడు. చంపుట మాని తోకకు నిప్పు పెట్టించినాడు గాని, రావణుడు దూత చెప్పిన మాటను మాత్రము చెవిని బెట్టలేదు. మా సెన్సారు చేసిన నేరమును అదియే. గాలి ఎక్కువైనదని ఉన్నమాట చెప్పినది. చెప్పినదానిని పెరికి పారవేసితిమి. దాని స్థానమున కూర్చున్న క్రొత్తదూతయు అదే మాట చెప్పినాడు.

ఇందు తర్కదోషమును కలదు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున, కొండమీద పొగను చూచి నిప్పున్నదని ఊహించుట సరియైన యనుమానముగ చూపినాడు. దానిని తిరుగవేసి, నిప్పున్నది గావున పొగయు నుండవలెననుట చెల్లదని కూడ చూపినాడు. పొగకు పచ్చికట్టె కావలెను. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పే గాని పొగ లేదు. పాడైన సెన్సారు తప్పుడు సంకేత మీయవచ్చును, నిజమే. అంతమాత్రమున ఆ సంకేతము కనబడినప్పుడెల్ల సెన్సారే పాడైన దనరాదు. గాలి గొట్టము చిట్లియుండవచ్చును, పెట్రోలు పంపు నీరసించియుండవచ్చును, వడపోత మూసికొనియుండవచ్చును. సంకేతము ఏ వీధిలో వెదకవలెనో చెప్పును. ఏ యింటిలో దొంగ దాగెనో చెప్పదు.

ఇంతలో కారును అమ్మివేయుటకు నిశ్చయించితిమి. కొనుటకు ముందుకు వచ్చినవారు మా వీధిలోని కన్నడ ఉపాధ్యాయుడొకరు. 1953లో తుంగభద్ర జలాశయము నిండనారంభించి ఎడమగట్టు కాలువకు నీరు వచ్చిన పిమ్మట, కోస్తా జిల్లాలనుండి ఈ సీమకు వచ్చి క్యాంపులు వేసికొన్న కుటుంబాలలో మాది యొకటి. నేటికిని మన పల్లెలకు ఆ క్యాంపు పేరే నిలిచినది. తొలినాళ్లలో గుడిసె లేచువరకు మా తండ్రిగారికి తమ పశువులకొట్టమున చోటిచ్చినది ఆ ఉపాధ్యాయుని తాతగారే. ఇది ఇచ్చట చెప్పక తప్పదు.

ఆయన వచ్చు దినమున ఉదయమే, బంధువు లొకరు తమ యొద్దనున్న పరికరముతో మీట నొక్కి సంకేతమును చెరిపిరి. దీపము వెంటనే ఆరినది. అట్లు చెరిపినచో కంప్యూటరు తన పరీక్షలను మొదటినుండి చేసికొనవలెను. ఇట్టి దోషము వరుసగ రెండు ప్రయాణములలో కనబడిన గాని సాధారణముగ దీపము వెలుగదు. ఆ రెండు మూడు దినముల చీకటినే ఆరోగ్య మనుకొందుము. ‘మనం అబద్ధం ఆడలేదుగా, చూసుకోవలసింది కొనేవాడు’ అని బంధువు లనిరి. మేము అడ్డు చెప్పలేదు.

ఉపాధ్యాయులు వచ్చినారు. బానెట్టు ఎత్తి చూడుడని మాట వరుసకు అంటిమి. ‘మీ ఇంటి బండిలో ఇంకేం చూడాలన్నా’ అని ఆయన తాళములు చేతికి తీసికొని ఇంజను నడిపించినారు. అరుగుమీద కూర్చున్న మా తల్లిగారు అప్పుడు లేచి వచ్చి, కిటికీలోనుండి తొంగిచూచి, ‘ఒరే అబ్బాయీ, రోజూ వెలిగే ఆ పచ్చదీపం ఇవాళ లేదేమిరా?’ అని అడిగినారు. ఆమె ఎరిగి యడిగినదో ఎరుగక యడిగినదో మే మిప్పటికిని అడుగలేదు.

అబద్ధ మాడలేదన్నది నిజమేనా? దీపము వెలుగుచుండగా మేము మౌనముగ నున్నచో ఆయన దానిని తన కన్నులతో చూచియుండును. మేము మౌనము వహించుటతో ఆగలేదు. కారుచేత ‘నాకే లోపము లేదు’ అని చెప్పించితిమి. మరమ్మతు చేసిన పిదప సంకేతమును చెరుపుట తప్పు కాదు సరిగదా, అవసరము. అదే మీట, అదే వ్రేలు. ముందు చేయవలసినది చేసినామా లేదా యన్నదానిని బట్టి ఒకప్పుడు ధర్మము, ఒకప్పుడు వంచన యగుచున్నది.

ఈ బేరమున మూడవవా రొకరుందురు. అసలీ దీపము యజమాని సౌకర్యమునకు పుట్టినది కాదు. పొగమంచుతో కన్నులు మండిన కాలిఫోర్నియాలో, 1988 నమూనాలు మొదలుకొని, పొగను అదుపుచేయు భాగములు చెడినచో బండియే తెలుపవలెనని నిబంధన వచ్చినది. 1996 నుండి అది విస్తృతరూపమున అమెరికా అంతటికి వర్తించినది. మన దేశమున భారత్ స్టేజి 4 ప్రమాణములతో 2010లో మొదటి మెట్టు, 2013లో రెండవ మెట్టు వచ్చినవి. అనగా ఈ దీపము బండి వెనుక నడచిపోవు బాటసారి పక్షమున వెలుగుచున్నది. అది నిలకడగ వెలుగక మినుకుమినుకుమన్నచో వెంటనే బండి నాపవలెను. ఇంజనులో మండని పెట్రోలు పొగ శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరును చేరి, అక్కడ మండి దానిని పాడుచేయును.

మన సేద్యగాండ్రకు ఇది క్రొత్త పాఠము కాదు. కాలువనీరు పుష్కలముగ పారిన సింధనూరు, గంగావతి ప్రాంతములలో ఊట పైకి వచ్చి, పొలములు చౌడుబారినవి. గట్ల వెంట తెల్లని పొర కనబడినప్పుడు కొందరు పైమన్ను గీకి పారబోసిరి. ఆ యేడు పొలము నల్లగా కనబడినది. మరుసటి యేడు తెలుపు మరింత విస్తరించినది. నీరు పోవుటకు మురుగుకాలువ త్రవ్వినవారికే భూమి దక్కినది. గీకిన పొలమును కౌలుకిచ్చినవారిని గురించి మనలో మన మేమనుకొంటిమో పెద్దవారికి తెలియును.

ఉపాధ్యాయులకు జరిగినది జరిగినట్లు చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. ఆ మౌనము మాకు చాల పొడవుగ తోచినది. పిమ్మట, ‘ఇద్దరం కలిసి వేరేచోట చూపిద్దాం’ అన్నారు.

ఆ రెండవచోటి మెకానిక్కు వయసున చిన్నవాడు. ఏ భాగమును విప్పలేదు. పరికరములో అంకెలు చూచుచు కూర్చున్నాడు. ఇంజను ఊరక తిరుగునప్పుడు కంప్యూటరు నూటికి ఇరువదికి పైగ పెట్రోలు అదనముగ కలుపుచున్నది. నిమిషమునకు 2500 చుట్ల వేగమునకు పెంచగ ఆ యదనము ఐదునకు దిగినది. పంపు లోపమైనచో వేగము హెచ్చిన కొలది కొరత హెచ్చవలెను. ఇచ్చట తగ్గుచున్నది గావున, గాలిని కొలుచు పరికరమును దాటిన తరువాత ఎక్కడనో చిల్లు కలదు. నెమ్మదిగ తిరుగునప్పుడు ఇంజను లోపలి పీల్పు బలముగ నుండి ఆ చిల్లున దొంగగాలి ఎక్కువగ చొరబడుచున్నది. పిమ్మట అతడు ఇంజను నాపి, గాలి పోవు దారిలోనికి పొగ నూదినాడు. ఇంజను వెనుక వంగిన రబ్బరు గొట్టమునుండి సన్నని పొగతీగ పైకి లేచినది. అన్నంభట్టు ఉన్నచో సంతసించును గాబోలు. గొట్టముమీద ఎలుకపండ్ల గాట్లు. కోతల నాళ్లలో వడ్ల బస్తాల ప్రక్కనే కారు నిలుపుచుండుట అప్పుడు గుర్తునకు వచ్చినది. గొట్టము వెల, మేము వృథాగ కొన్న సెన్సారు వెలలో పదవ వంతైనను లేదు.

బేరము కుదిరినది, ముం దనుకొన్న ధరకంటె కొంత తగ్గించి ఇచ్చితిమి. నెల దినములు గడచినవి. ఒక సాయంకాలము ఉపాధ్యాయులు మా గుమ్మము ముందు బండి నాపి, ‘అన్నా, దీపం మళ్లీ వెలిగింది’ అన్నారు. టార్చిలైటు తీసికొని ఇద్దరము బానెట్టు ఎత్తితిమి. క్రొత్తగొట్టము ప్రక్కన నాలుగు వడ్లగింజలు, కొంచెము గడ్డి కనబడినవి. ఎలుక యజమానిని మార్చుకొనలేదు.