దేశకాలాలు కలవని సభలో విద్యాదానం

దానమంటే ఏమిటన్న ప్రశ్నకు పూర్వమీమాంసకులు చెప్పిన సమాధానం చాలా నిక్కచ్చిగా ఉంటుంది. ఒక వస్తువుపై తనకున్న స్వత్వాన్ని, అంటే అది తనదనే హక్కును, విడిచిపెట్టి అదే వస్తువుపై మరొకరికి స్వత్వం కలిగించడమే దానమని వారి నిర్ణయం. త్యాగం యాగంలోనూ హోమంలోనూ ఉన్నా, పుచ్చుకునే మనిషికి హక్కును సంక్రమింపజేయడం దానానికి మాత్రమే ఉన్న విశేషం. గోదానానికీ భూదానానికీ ఈ నిర్వచనం అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే నీళ్లు ధారపోసిన మరుక్షణం ఆవు దాతది కాకుండా పోతుంది. విద్యాదానం దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఇంకొకరికి చెప్పినంత మాత్రాన చెప్పినవాడి చదువు తరిగిపోదు, పైగా పదునెక్కుతుంది. దొంగలు ఎత్తుకుపోలేని ధనమనీ, పంచినకొద్దీ పెరిగే ధనమనీ చదువును పొగిడే సుభాషితాలన్నీ విద్యాదానంలో దాత కోల్పోయేది ఏమీ లేదని ఆ పొగడ్తతోనే ఒప్పుకుంటున్నాయి. ఏమీ కోల్పోకుండా ఇచ్చినది దానమెలా అవుతుంది?

బడులలోనూ కళాశాలలలోనూ ఈ ప్రశ్న అంత సూటిగా ఎదురుకాదు, ఎందుకంటే అక్కడ జీతం, ఫీజు, పరీక్ష మధ్యలో నిలిచి దాన్ని కప్పివేస్తాయి. అవేవీ లేని చోట, కేవలం ఇష్టం కొద్దీ ఒక సాఫ్ట్‌వేర్‌ను వాడుతూ, బాగుచేసుకుంటూ, దాని మెలకువలను ఒకరికొకరు చెప్పుకునే బృందాలలో మాత్రం అది కళ్లెదుట నిలుస్తుంది. కంప్యూటరులో రాతపనికీ ప్రోగ్రాముల రచనకూ వాడే గ్నూ ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను అభిమానించే అంతర్జాతీయ బృందం జరుపుకునే ఈమాక్స్‌కాన్ఫ్ అనే సభ ఇందుకు మంచి ఉదాహరణ. 2013లో లండన్‌లోనూ 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ జనం ఒకచోట చేరి జరుపుకున్న ఈ సభ 2019 నుండి ఏటా ఆన్‌లైన్‌లోనే జరుగుతోంది. ప్రవేశ రుసుము లేదు. నిర్వాహకులు తీరిక వేళల్లో పనిచేసే స్వచ్ఛంద సేవకులు. ప్రసంగించేవారిలో ప్రోగ్రామర్లతో పాటు పరిశోధకులు, రచయితలు, విద్యార్థులు కూడా ఉంటారు.

ఇచ్చిపుచ్చుకోవడం గురించి ఈ బృందానికి తనదైన చరిత్ర ఒకటి ఉంది. 1976లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని కృత్రిమ మేధ ప్రయోగశాలలో తొలి ఈమాక్స్ పుట్టినప్పుడు, దాని ప్రధాన రూపకర్త రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని అడిగినవారికల్లా ఇస్తూ ఒక షరతు పెట్టాడు: వాడుకునేవారు తాము చేసిన మెరుగులన్నిటినీ తిరిగి తనకు పంపాలి, తాను వాటిని కలిపి అందరికీ పంచుతాడు. ఉదారంగానే కనిపించే ఈ ఏర్పాటులో బాకీ లక్షణం ఉంది, ఎందుకంటే పుచ్చుకున్నవాడు ఇచ్చినవాడికే బదులు చెప్పుకోవలసి వస్తుంది. ఆయన 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించి, 1985లో గ్నూ ఈమాక్స్‌ను విడుదల చేసి, 1989లో గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్‌ను వెలువరించేనాటికి షరతు స్వరూపమే మారిపోయింది. ఈ లైసెన్సు ప్రకారం మార్పులను మూలకర్తకు తిప్పి పంపనక్కరలేదు. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌ను మరొకరికి అందించదలచినవాడు, వాడుకునే, చదివి మార్చుకునే, పంచిపెట్టే స్వేచ్ఛలు తనకు ఎలా దక్కాయో అలాగే అవతలివారికీ దక్కనివ్వాలి. కాపీలెఫ్ట్ అని పిలిచే ఈ పద్ధతిలో బాకీ వెనక్కి కాక ముందుకు తీరుతుంది.

తైత్తిరీయ సంహిత పేర్కొన్న మూడు ఋణాలలో ఋషిఋణం తీరే పద్ధతి కూడా ఇటువంటిదే. దేవఋణాన్ని యజ్ఞం ద్వారా దేవతలకే చెల్లించవచ్చు గాని, ఋషులకు పడిన బాకీని వారి చేతికి ఇచ్చే వీలు లేదు. వారు చెప్పినదాన్ని శ్రద్ధగా నేర్చుకుని నిలబెట్టడమే దాని చెల్లింపు, నిలబెట్టడమంటే తరువాతివారికి అందించడమే కనుక బ్రహ్మయజ్ఞమంటే చదువు చెప్పడమని మనుస్మృతి నిర్వచించింది. తైత్తిరీయ సంహిత ఈ ఋణాలను పుట్టుకతోనే మోసేవాడిగా బ్రాహ్మణుణ్ణి మాత్రమే చెప్పిన మాట నిజమే. అయినా ఒక విద్య వల్ల మేలు పొందిన ప్రతి మనిషికీ, పుట్టుకతో నిమిత్తం లేకుండా, ఆ ఋణం ఉంటుందనడమే న్యాయం. ఈమాక్స్ వాడుకరి ఒకరు పదేళ్లుగా ఇతరులు రాసిన ప్యాకేజీలతో పని నడుపుకుని, పదకొండో ఏట తనకు తెలిసిన ఒక చిన్న కిటుకును పది నిమిషాల ప్రసంగంగా సభ ముందు పెడితే, ఆ పని ఋణవిమోచన కిందికే వస్తుంది.

అయితే ప్రసంగించేవాడూ వినేవాడూ ఉన్నంత మాత్రాన విద్య అందదు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఈ సంగతిని సంధితో పోల్చి చెప్పింది: రెండు వర్ణాలు కలిసేటప్పుడు ముందున్నది ఆచార్యుడు, వెనకున్నది శిష్యుడు, ఆ రెండూ కలిసిన చోట ఏర్పడే సంధి విద్య, కలిపే వ్యాపారం, అంటే సంధానం, ప్రవచనం. గురుకులంలో పూర్వవర్ణమూ పరవర్ణమూ ఒకే అరుగు మీద కూర్చుని ఉండేవి కనుక సంధానానికి గొంతు ఒక్కటీ చాలేది. ప్రసంగకర్త బెర్లిన్‌లో, శ్రోత హైదరాబాదులో, ప్రశ్న అడిగేవారు సిడ్నీలో ఉన్నప్పుడు ఆ పనిలో అధిక భాగం మూడో మనిషి మీద పడుతుంది, ఆ మూడో మనిషే నిర్వాహకుడు.

అతడి పని సభకు నెలల ముందే మొదలవుతుంది. ప్రతిపాదనలను ఆహ్వానించి, చదివి, పది నిమిషాలదో ఇరవై నిమిషాలదో చోటు కేటాయించి, ప్రసంగాన్ని ముందుగానే రికార్డు చేసి పంపమని అడగాలి. వచ్చిన వీడియోలో శబ్దం సరిచేసి, సబ్‌టైటిళ్లు సిద్ధం చేయాలి. సభ రోజున వీడియో ప్రసారమవుతూ ఉండగా ఎథర్‌ప్యాడ్ అనే ఉమ్మడి పలకలో, అంటే ఎందరైనా ఒకేసారి రాయగలిగే పేజీలో, ప్రశ్నలు పోగవుతాయి. వీడియో ముగిశాక ప్రసంగకర్త బిగ్‌బ్లూబటన్ అనే వీడియో గదిలోకి వచ్చి వాటికి జవాబులు చెబుతాడు. నెట్ నెమ్మదిగా వచ్చేవారి కోసం ఐఆర్‌సీ ఉంది. 1988లో ఫిన్లాండులోని ఔలు నగరంలో పుట్టిన ఆ అక్షరాల ముచ్చట పద్ధతికి నేటికీ సన్నటి కనెక్షన్ చాలు. ఇన్ని ద్వారాలు తెరిచి ఉంచడం ఆడంబరం కోసం కాదు. కళ్లు కనబడనివారు ఒక దారిలో, వినబడనివారు మరో దారిలో, పదిమందిలో గొంతు విప్పడానికి జంకేవారు ఇంకో దారిలో లోపలికి రాగలగాలన్నదే ఉద్దేశం.

ముందే రికార్డు చేసిన ప్రసంగాన్ని అందరూ ఒకే వేళకు చూడవలసిన అవసరమేమిటనీ, ఎవరికి వీలైనప్పుడు వారు చూసుకుంటే సరిపోదా అనీ ఒక ఆక్షేపణ రావచ్చు. తెలుగువారికి దీని సమాధానం అవధానంలో దొరుకుతుంది. పృచ్ఛకుడు లేని అవధానం ఎవరి ఊహకూ అందదు. నిషిద్ధాక్షరి అడిగేవాడు అడ్డుపడకపోతే ఆ పద్యం ఆ రూపంలో పుట్టనే పుట్టదు. ఆన్‌లైన్ సభలో కూడా రికార్డింగు సరుకు మాత్రమే, సభను సభ చేసేది ప్రశ్న. ప్రసంగం ముందే రికార్డయి ఉండటం వల్ల, తన మాటలు ప్రసారమవుతున్న సమయంలోనే ప్రసంగకర్తకు తీరిక దొరుకుతుంది, శ్రోతల పక్కన తానూ ఒక శ్రోతగా కూర్చుని పలకలోని ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబులు రాయగలుగుతాడు. ఒకే గదిలో జరిగే సభలో వేదిక మీద ఉన్నవాడికి ఈ వెసులుబాటు లేదు.

ఇక దేశకాలాల సంగతి. భగవద్గీత పదిహేడో అధ్యాయం సాత్విక దానానికి లక్షణం చెబుతూ, బదులు ఆశించకుండా, ఇవ్వడం తన విధి అని తలచి, తగిన దేశంలో, తగిన కాలంలో, తగిన పాత్రుడికి ఇవ్వాలంటుంది. పూజకు కూర్చున్న తెలుగు ఇంటి యజమాని కూడా సంకల్పంలో ముందుగా తానున్న చోటును శ్రీశైలానికి ఏ దిక్కున ఉందో చెప్పి, ఆపై సంవత్సరం, మాసం, తిథి, వారం చెప్పుకుంటాడు. అమెరికాలో స్థిరపడినవారు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపమని మార్చి చెప్పుకునే వాడుక ఉంది. ఒక మంచి పనికి పూనుకునేవాడు తానెక్కడున్నాడో, ఏ వేళలో ఉన్నాడో ముందు ఒప్పుకోవాలన్నదే దీని అంతరార్థం కావచ్చు. ఆన్‌లైన్ సభలో దేశం ఒక్కటి కాదు, కాలమూ ఒక్కటి కాదు. ఈమాక్స్‌కాన్ఫ్ సాధారణంగా డిసెంబరు మొదటి వారాంతంలో టొరంటో గడియారం ప్రకారం ఉదయం 9 గంటల ప్రాంతంలో మొదలై సాయంత్రం 5 దాకా సాగుతుంది. ఆ 9 గంటలు బెర్లిన్‌లో మధ్యాహ్నం 3, హైదరాబాదులో రాత్రి 7:30, సిడ్నీలో అర్ధరాత్రి దాటి 1 గంట. పైగా టొరంటోలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి, హైదరాబాదులో జరగవు, అందువల్ల రెండు ఊళ్ల మధ్య తొమ్మిదిన్నర గంటల తేడా పదిన్నర అవుతుంది. ఆ ఒక్క గంటను మరచిన నిర్వాహకుడి వల్ల ఎవరో ఒకరు ఖాళీ గది ముందు ఎదురుచూడవలసి వస్తుంది. అందుకే ప్రతి ప్రసంగకర్తనూ ఏ వేళలు కుదురుతాయో అడిగి, ఆ వేళల చట్రంలో కార్యక్రమ పట్టికను అల్లి, ఎవరి కాలమానంలో వారికి సమయం తెలియజేస్తారు. కానిచోట, కానివేళ, ఆదరం లేకుండా ఇచ్చినది తామస దానమని గీత చెప్పిన మాటను ఇక్కడ అక్షరాలా తీసుకోవచ్చు: అవతలివారికి తెల్లవారుజామున 3 గంటలవుతుందని తెలిసీ, అడగకుండానే ఆ వేళకు రమ్మనడం, ఎంత గొప్ప వేదిక ఇచ్చినా, తామసమే.

పాత్రుడు అనే మాటను కూడా కొంచెం ఆగి చూడాలి. పుచ్చుకోవడానికి అర్హత పుచ్చుకునేవాడిలోనే సిద్ధంగా ఉంటుందని సాధారణంగా అర్థం చెబుతారు గాని, సబ్‌టైటిళ్ల పని చూసినవారికి ఆ అర్థం చాలదనిపిస్తుంది. యంత్రం మాటలను విని రాసిన మొదటి ప్రతిలో ఈమాక్స్ అనే పేరే చెడిపోయి ఉండవచ్చు. ప్యాకేజీల పేర్లు, కీల పేర్లు, ప్రసంగకర్త యాసలో చెప్పిన సాంకేతిక పదాలు మరింత చెడిపోతాయి. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఒక వ్యక్తి వీడియోను ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, ఒక్కొక్క వాక్యాన్ని సరిచేసి, అది ఏ సెకనుకు తెరపై కనబడి ఏ సెకనుకు తొలగాలో చూసి, పంక్తిని అర్థం తెగని చోట విరుస్తాడు. ఇరవై నిమిషాల ప్రసంగం అతడి తీరికలో చాలా పెద్ద భాగాన్ని తినేస్తుంది. అది పూర్తయ్యాక, వినికిడి లేని మనిషికీ, ఇంగ్లీషు చెవికి అందకపోయినా కంటికి అందే మనిషికీ ఆ ప్రసంగం చేరుతుంది. పాత్రత అనేది వెతికి పట్టుకోవలసినది మాత్రమే కాదు, దాత తన శ్రమతో కలిగించగలిగినది కూడా అని ఈ పని రుజువు చేస్తోంది.

రాజస దానానికి గీత చెప్పిన లక్షణాలలో బదులు ఆశించడంతో పాటు పరిక్లేశం, అంటే మనసు నొచ్చుకుంటూ ఇవ్వడం కూడా ఒకటి. బదులు విషయంలో ప్రసంగకర్తలను అనుమానించేవారు ఉన్నారు. పేరు వస్తుందనే కదా మాట్లాడతారంటారు. ఇవ్వడం, పుచ్చుకోవడం, బదులివ్వడం అనే మూడు విధులు సమాజాలను కట్టి ఉంచుతాయని 1925లో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ చూపించాక ఈ అనుమానానికి బలం పెరిగింది. కాని కాస్త పేరు రావడం పెద్ద దోషమేమీ కాదు. అంతకంటే ఎక్కువ ఆలోచించవలసినది పరిక్లేశం గురించి. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు పోగా మిగిలిన గంటల్లో సభను మోసే మనిషి అలసిపోయి, ఎవరూ చేయరు కనుక తానే చేయాలన్న విసుగుతో పని నడిపితే, శ్రోతలకు అదే ప్రసంగం అందినా దానం స్వభావం మారిపోతుంది. నిర్వాహకుడి అలసట అతడి సొంత వ్యవహారం కాదు, ధర్మానికి సంబంధించిన విషయం. ఈ బృందంలో పదే పదే చేయవలసిన పనులను, ఉత్తరాలు పంపడం నుండి వేళకు వీడియో మొదలుపెట్టడం దాకా, ఈమాక్స్‌లోనే చిన్న ప్రోగ్రాములుగా రాసి ఉంచుకోవడమూ, ఆ పని పద్ధతులను ఎవరైనా చదవగలిగేలా రాసి పెట్టడమూ సోమరితనం వల్ల కాదు. మరుసటి ఏడు మరొకరు నొచ్చుకోకుండా ఆ బరువు అందుకోవడానికి.

ఇప్పుడు మీమాంసకుల నిర్వచనానికి తిరిగి వస్తే, విద్యాదానంలో స్వత్వం వదులుకునే వస్తువు ఏదో కనబడుతుంది. అది విద్య కాదు, కాలం. సబ్‌టైటిళ్లకు వెచ్చించిన ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఆ మనిషి చేతికి రాదు. దాని ఫలం మీద ఇకపై హక్కు చూసేవారిది. ఆవు దాత దొడ్డి విడిచి వెళ్లినట్టే ఆ మధ్యాహ్నమూ వెళ్లిపోయింది, ఆ లెక్కన నిర్వచనం చెక్కుచెదరలేదు, విద్యాదానమూ అచ్చమైన దానమే. ఈ దృష్టితో చూసినప్పుడు ప్రసంగకర్త కంటే ఎక్కువ ఇచ్చినవాడు తెర వెనక ఉన్న సంధానకర్త.

ఈమాక్స్‌లో హలో అనే చిన్న ఫైలు ఉంది. ప్రపంచ భాషల పలకరింపుల జాబితాలో అక్కడ తెలుగు లిపిలో నమస్కారం అనే మాట కూడా కనిపిస్తుంది. సభలోని ప్రసంగాలు, వాటి సబ్‌టైటిళ్లు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉన్నాయి కనుక, కర్త పేరు చెప్పి అవే షరతులతో పంచేటట్లయితే, వాటిని తెలుగులోకి తేవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ పరికరంతో పని చేసుకుంటున్న తెలుగు పాఠకులు ఒక్కొక్కరు ఒక్కొక్క పది నిమిషాల ప్రసంగాన్ని ఎంచుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం దానికి తెలుగు సబ్‌టైటిళ్లు రాయవలసిందిగా మనవి.