కలిసి ఒప్పుకోవలసిన తప్పు

1919లో తరంగంబాడిలో సమావేశమైన దక్షిణ భారత క్రైస్తవ సేవకులు, తమ మధ్య ఉన్న చీలికలు తాము కోరి తెచ్చుకున్నవి కావని, బయటినుంచి వచ్చిపడినవని ప్రకటించారు. వారిలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య. ఆ ఐక్యతా ప్రయత్నం ఫలించి 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడేనాటికి ఆయన లేరు. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ విశ్వాసులు ఒక్కటయ్యారు. నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు చేరలేదు. లూథరన్లు, బాప్టిస్టులు వేరుగానే ఉండిపోయారు. పాలనలో ఐక్యత అంత కష్టం. సంఘాలు కలిసి పశ్చాత్తాపపడడం మాత్రం ఏ ఒప్పందం కోసమూ ఆగనక్కరలేదు.

అలా కలిసి మోకరిస్తే సిద్ధాంతం పలచబడదా అని కొందరి భయం. కానీ 2016 అక్టోబర్ 31న స్వీడన్‌లోని లుండ్‌లో పోప్ ఫ్రాన్సిస్, లూథరన్ నాయకులు కలిసి ప్రార్థించి, ఇరుపక్షాల తప్పులనూ ఒప్పుకున్నారు. ఎవరూ తమ విశ్వాసాన్ని వదులుకోలేదు. ప్రభు భోజనపు బల్ల దగ్గర ఎడం ఇంకా ఉంది, ఆ బాధనూ దాచలేదు. పూర్వీకుల తప్పుకు మనమెందుకు క్షమాపణ కోరాలన్నది మరింత బరువైన ప్రశ్న. దానియేలు గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో ఆ ప్రవక్త తన పితరుల పాపాన్ని కూడా ‘మేము’ అంటూనే ఒప్పుకుంటాడు. పైగా మన సంఘాల్లో కులం పితరులతో పోలేదు. పెళ్లి సంబంధాల్లో, సంఘ పదవుల పోటీలో అది డినామినేషన్ చూడకుండా కూర్చుని ఉంది. జనవరి 18 నుంచి 25 వరకు జరిగే క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారంలో మన ఊళ్లలోని సంఘాలన్నీ మొదట ఒప్పుకోవలసింది దీన్నే.