రెండు గేట్ల లైబ్రరీ

ఒక ఊళ్లో వాచీలు బాగుచేసే మాస్టారు ఒకాయన ఉండేవారు. జనం సెల్‌ఫోన్లో టైము చూసుకోవడం మొదలుపెట్టాక కూడా ఆయన కొట్టు మూయలేదు. రేడియోలు పట్టుకున్నారు, మిక్సీలు పట్టుకున్నారు, చివరికి చిన్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుల దాకా వచ్చారు. ఆయన దగ్గర ఇద్దరు పని నేర్చుకునేవారు. ఒకడు పాలిటెక్నిక్ పూర్తిచేసిన కుర్రవాడు, మహా చురుకు. రెండో ఆమె ఇంటర్ చదువుతూ సాయంత్రాలు వచ్చే అమ్మాయి, ఏ పనైనా నిదానం.

ఆ ఊరి లైబ్రరీకి రెండు గేట్లు. తూర్పు గేటు బజారు వైపు, పడమటి గేటు బడి వైపు. ఏ గేటు దగ్గరా కరెంటు లేదు. ఒకనాడు లైబ్రేరియన్ కొట్టుకి వచ్చి, "మాస్టారూ, ఈవేళ లైబ్రరీ ఉందా లేదా, ఎన్ని గంటలదాకా ఉంటుంది, కొత్తగా ఏం పుస్తకాలొచ్చాయి, ఈ మూడూ గేటు దగ్గరే తెలిసేలా ఏదైనా చెయ్యగలరా? సుద్దముక్కతో రాస్తే వానకి పోతోంది. పెద్దవాళ్లు ఎండలో అంత దూరం నడిచొచ్చి, తాళం చూసి వెనక్కి పోతున్నారు" అన్నారు.

మాస్టారు ఇద్దరికీ ఒకే రకం బోర్డులు ఇచ్చారు. అరచేతిలో ఇమిడే బోర్డు. వెనక ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్, ముందు 2.9 అంగుళాల ఇ-పేపర్ తెర. ఒక వైపు 296, ఇంకో వైపు 128 చుక్కలు. తలా ఒక 1000 మిల్లీఆంప్-అవర్ లిథియం బ్యాటరీ, నిండా చార్జి చేసినవి. "తూర్పు గేటు నీది, పడమటి గేటు అమ్మాయిది. దసరాకి పెట్టండి. సంక్రాంతికి వచ్చి చూస్తాను" అన్నారు.

కుర్రవాడి పని చూడముచ్చటగా వచ్చింది. పైన పెద్ద అంకెల్లో గడియారం, దాని కింద ఎండ ఎంతుందో, పక్కన సరస్వతి బొమ్మ, అడుగున "లైబ్రరీ తెరిచి ఉంది". నిమిషానికోసారి బోర్డు మేలుకుని, వైఫై అందుకుని, టైము సరిచూసుకుని, అంకెలు మార్చి మళ్లీ పడుకునేది. తెర మొత్తం మారిస్తే రెండు సెకన్లు నలుపు తెలుపు మెరుస్తుంది కాబట్టి, అంకెలున్న చోటు మాత్రమే మార్చే పద్ధతి వాడాడు. అలా మారుస్తూ పోతే పాత అంకెల నీడలు సన్నగా మిగిలిపోతాయి, అదొక్కటే లోటు. దసరానాటి సాయంత్రం ఆరింటికి పెడితే బజారంతా చూడటానికి వచ్చింది.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి బ్యాటరీ అయిపోయింది. ఎవరూ గమనించలేదు. ఇ-పేపర్ తెరకి కరెంటు పోతే నల్లబడదు, ఆఖరున ఏం రాసి ఉందో అదే నిలబడుతుంది. మర్నాడు శుక్రవారం, లైబ్రరీకి సెలవు. తూర్పు గేటు మీద మాత్రం "తెరిచి ఉంది" అనే ఉంది. అది చూసి లోపలిదాకా వెళ్లినవాళ్లు తాళం చూసి తిరిగొచ్చారు. కుర్రవాడు నొచ్చుకుని, ఆ తర్వాత రెండు రోజులకోసారి బోర్డు ఇంటికి తీసుకెళ్లి చార్జి చేసి పెడుతూ వచ్చాడు.

అమ్మాయి మొదటిరోజు బోర్డు ముట్టుకోనే లేదు. లైబ్రరీ అరుగు మీద కూర్చుని ఏది ఎప్పుడు మారుతోందో కాగితం మీద రాసుకుంది. పని వేళలు రోజులో మారవు. సెలవులు ముందురోజుకే తెలుస్తాయి. కొత్త పుస్తకాలు వారానికోసారి వస్తే గొప్ప. అంటే తెల్లవారుజామున ఒక్కసారి లేస్తే రోజంతటికీ సరిపోతుంది. ప్రోగ్రాం ఒక్క లైనూ రాయకముందే ఆమెకు ఈ సంగతి తేలింది.

ఆ తర్వాత అందరికీ వచ్చే చిక్కులే ఆమెకీ వచ్చాయి. బోర్డు తగిలిస్తే కంప్యూటర్ గుర్తించలేదు. మాస్టారు కేబుల్ చేతిలోకి తీసుకుని, "ఇది చార్జింగ్‌కి తప్ప పనికిరాదు తల్లీ, లోపల డేటా తీగలే లేవు" అని వేరేది ఇచ్చారు. నమూనా ప్రోగ్రాం ఎక్కించింది గానీ తెర మీద ఏమీ రాలేదు. ఒకే 2.9 అంగుళాల సైజులో తెరలు రకరకాల కంట్రోలర్ చిప్పులతో వస్తాయి. తెర రిబ్బను మీదున్న నంబరు చూసి, ప్రోగ్రాంలో దానికి తగిన పేరు పెట్టాక గానీ అక్షరాలు కనపడలేదు.

కనపడింది కూడా ఇంగ్లీషే. "గ్రంథాలయం" అని రాస్తే వత్తు ఒకచోట, గుణింతం ఒకచోట పడ్డాయి. ఇలాంటి చిన్న బోర్డులకు వాడే ఫాంట్లు ఒక్కో అక్షరాన్ని పక్కపక్కన పేర్చుకుంటూ పోతాయే తప్ప, తెలుగులో అక్షరం కింద అక్షరాన్ని కలపడం వాటికి తెలియదు. అమ్మాయి బోర్డుతో కుస్తీ పట్టలేదు. లైబ్రేరియన్ తన కంప్యూటర్లో టైపు చేస్తే, అక్కడే అది నలుపు తెలుపు బొమ్మగా తయారయ్యేలా చేసింది. చుక్కకు ఒక బిట్టు చొప్పున బొమ్మంతా కలిపి 4,736 బైట్లు. బోర్డు పొద్దున్నే లేచి లైబ్రరీ వైఫై మీద ఆ బొమ్మ తెచ్చుకుంటే చాలు. తెలుగు ముచ్చటగా వచ్చింది.

బోర్డుని డీప్ స్లీప్‌లో, అంటే గాఢనిద్రలో, పెట్టి మల్టీమీటర్‌తో కొలిస్తే అయిదు మిల్లీఆంపుల పైన చూపించింది. చిప్పు నిద్రపోయినప్పుడు పది పదిహేను మైక్రోఆంపులకు మించకూడదని పుస్తకంలో చదివింది. "ఇల్లంతా పడుకున్నా ఎవరో ఒకరు మేలుకుని దీపం ఆర్పలేదన్నమాట. ఎవరో వెతుకు" అన్నారు మాస్టారు. వెతికితే ఇద్దరు దొరికారు. కరెంటుందని చూపించే ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి. ఏఎంఎస్1117 అనే వోల్టేజ్ రెగ్యులేటర్ రెండోది. అది తన మానాన తానే అయిదు మిల్లీఆంపుల దాకా తాగేస్తుంది. ఎల్‌ఈడీ తీసేసి, రెగ్యులేటర్ బదులు తక్కువ తాగేది అతికిస్తే కొలత ఇరవై మైక్రోఆంపులకు దిగింది.

ఇంకో సంగతి ఆమెను ఆలోచనలో పడేసింది. డీప్ స్లీప్ నుంచి లేచిన చిప్పుకి నిన్న ఏం చేసిందో గుర్తుండదు. ప్రోగ్రాం ప్రతిసారీ మొదటి లైను నుంచే మొదలవుతుంది. మరి వైఫై మీద నిన్న కబురు అందిందా, మొన్న అందిందా అన్నది ఎవరికి గుర్తుండాలి? ఈఎస్‌పీ32లో నిద్రలోనూ చెరగని 8 కిలోబైట్ల మెమరీ విడిగా ఉంటుంది. కబురు చివరిసారి అందిన తేదీ, అందకుండా గడిచిన రోజుల లెక్క ఆమె అందులో దాచింది. లేచే టైము విషయంలోనూ జాగ్రత్తపడింది. చిప్పు లోపలి గడియారం అంత కచ్చితమైనది కాదు, రోజు గడిచేసరికి నిమిషాల తేడా రావచ్చు. మాస్టారు సొరుగులోంచి క్వార్ట్జ్ వాచీలో ఉండే చిన్న క్రిస్టల్ తీసి చూపించి, "సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. కొన్ని బోర్డుల మీద ఇదే వేసి ఇస్తారు. నీ దాని మీద లేదు, కాబట్టి రోజూ లేవగానే వైఫై మీద టైము దిద్దుకోమను" అన్నారు.

తెర అడుగున ఆమె సన్నని అక్షరాలతో ఒక వరుస పెట్టింది. అందులో "ఈ వివరం ఫలానా తేదీ ఉదయానిది" అని ఉండేది. కబురు అందని రోజున తెరంతా మార్చి వేరే మాట రాసేది. బ్యాటరీ 3.5 వోల్టులకు పడిపోతే ఆఖరిసారి లేచి, "బ్యాటరీ అయిపోయింది, లోపల కనుక్కోండి" అని రాసి ఇక లేవకుండా పడుకునేది.

సంక్రాంతి వచ్చింది. మాస్టారు భోగినాడు లైబ్రరీ దగ్గరికి వెళ్లారు. కుర్రవాడు పండక్కి అమ్మమ్మగారి ఊరు వెళ్లాడు, చార్జి చేసేవాళ్లు లేరు. తూర్పు గేటు మీద సరస్వతి బొమ్మ పక్కన రెండు రోజుల నాటి టైము నిలిచిపోయి ఉంది. కింద "తెరిచి ఉంది" అని ఉంది. ఒక పిల్లవాడు పుస్తకం తిరిగివ్వడానికి వచ్చి, ఆ మాట చదివి, తాళం వేసిన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మాస్టారు చుట్టూ తిరిగి పడమటి గేటుకి వెళ్లారు. లైబ్రరీలో వైఫై పెట్టె మూడు రోజుల కిందటే పాడైంది. అమ్మాయి బోర్డుకీ కబురు అందలేదు. కానీ దాని మీద ఇలా ఉంది: "జనవరి 11 తర్వాత కబురు అందలేదు. వేళలు మారి ఉండవచ్చు. లోపల కనుక్కోండి."

కుర్రవాడు ఊరినుంచి వచ్చాక మాస్టారు అతన్ని కూర్చోబెట్టుకుని, "ఒరే, నీ ప్రోగ్రాంలో వంక పెట్టడానికేం లేదు. కానీ నీ బోర్డు ఆగిపోయిందని చూసేవాడికి తెలిసే దారి లేదు. వేరే తెరయితే ఆరిపోయేది, జనం అర్థం చేసుకునేవాళ్లు. ఇది ఆరదు. అందుకని దీని మీద ఏం రాస్తున్నామో రెండుసార్లు ఆలోచించాలి" అన్నారు. కుర్రవాడు ఆ సాయంత్రమే గడియారం తీసేసి, తేదీ పెట్టాడు.

నీతి: నువ్వు నిద్రలో ఉన్నంతసేపూ నిజంగా ఉండే మాటే రాయి. అది ఎందాకా నిజమో దాని పక్కనే రాయి.

ఈ కథ బ్యాటరీ పొదుపు గురించి అనుకునేవారుంటారు. పొదుపు ముఖ్యమే, కానీ అది వెనక నడిచి వస్తుంది. రాసిన మాట ఎంతసేపు నిజమో తేలితే బోర్డు ఎప్పుడు లేవాలో తేలుతుంది, అది తేలితే బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో తేలుతుంది. లెక్క చూడండి. లేచి, వైఫై అందుకుని, తెర మార్చడానికి పది సెకన్లు, అంతసేపూ సగటున వంద మిల్లీఆంపులు అనుకుందాం. నిమిషానికోసారి లేస్తే సగటు దాదాపు 17 మిల్లీఆంపులు, రెగ్యులేటర్ తాగే అయిదూ కలిపితే 22. వెయ్యి మిల్లీఆంప్-అవర్ బ్యాటరీ రెండు రోజులైనా రాదు. రోజుకోసారి లేస్తే మెలకువకు అయ్యేది రోజుకు 0.28 మిల్లీఆంప్-అవర్, ఇరవై మైక్రోఆంపుల నిద్రకు 0.48. కాగితం మీద మూడేళ్లు దాటుతుంది. బ్యాటరీ తనంతట తాను తరుగుతుంది కాబట్టి అంత రాదు, అయినా పండగ నుంచి పండగకి దిగుల్లేదు. ఇక్కడ కొత్తవాళ్లు గమనించనిది ఒకటుంది. రోజుకోసారే లేచినా, నిద్రలో అయిదు మిల్లీఆంపులు కారిపోతుంటే ఎనిమిది రోజులకే బ్యాటరీ ఖాళీ. ప్రోగ్రాం ఎంత దిద్దినా ఆ కారడం ఆగదు. మల్టీమీటర్ పెట్టి చూడాల్సిందే.

తెర మీద మాట కరెంటు లేకుండా ఎలా నిలుస్తుందో తెలుసుకుంటే ఈ నీతి మనసుకి పడుతుంది. వెంట్రుక మందం ఉండే గుళికల్లో తెల్ల రేణువులు, నల్ల రేణువులు ద్రవంలో తేలుతుంటాయి. తెల్లవాటికీ నల్లవాటికీ ఒకదానికొకటి వ్యతిరేకమైన విద్యుదావేశాలు. వోల్టేజ్ ఇస్తే ఒక రంగు పైకి, ఒక రంగు కిందికి పోతాయి. వోల్టేజ్ తీసేస్తే ఎక్కడివి అక్కడే ఉండిపోతాయి. అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టిన ఈ పద్ధతితో 1997లో ఇ ఇంక్ కంపెనీ మొదలైంది. 2007లో వచ్చిన కిండిల్‌తో ఇంటింటికీ తెలిసింది. పాత కిండిల్‌ల నుంచి తీసిన తెరలకు ఈఎస్‌పీ32 జోడించి క్రొయేషియాలో ఇంక్‌ప్లేట్ 6 అనే బోర్డు చేశారు. పారేసిన వస్తువుకి మళ్లీ పని దొరకడం నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన విషయం. వెల కొంచెం ఎక్కువైనా నేర్చుకునేవాళ్లకు దాన్నే చూపిస్తాను. బ్రిటన్‌లో పిమరోని చేసే బ్యాడ్జర్ 2040లో వేరే చిప్పు ఉంటుంది, తెర మాత్రం మన కథలో చెప్పిన సైజే.

అమ్మాయి రోజుకోసారి అని ఎంచుకోవడం తెరకి కూడా మేలు చేసింది. విడిగా ఇ-పేపర్ తెరలు అమ్మే వేవ్‌షేర్ తన సూచనల్లో రెండు హద్దులు చెబుతుంది. ఒకసారి మార్చాక మళ్లీ మార్చడానికి కనీసం 180 సెకన్లు ఆగమంటుంది. ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారైనా మార్చమంటుంది. మరీ ముఖ్యమైన హెచ్చరిక ఇంకొకటి. మార్చడం అవగానే తెరను కూడా నిద్రపుచ్చాలి. చిప్పు పడుకుని తెర మేలుకుని ఉంటే, అధిక వోల్టేజ్ అలాగే నిలిచి తెర బాగుచెయ్యడానికి వీల్లేకుండా చెడిపోతుంది. ప్రోగ్రాంలో ఇది ఒకే ఒక్క లైను, మరిచిపోవడం మహా తేలిక. ఎర్రరంగు కూడా చూపించే తెరలు మారడానికి పదిహేను సెకన్ల పైన పడుతుంది. మొదటి బోర్డుకి నలుపు తెలుపే తీసుకోండి.

కొత్తగా బోర్డు కొన్నవాళ్లకు నమూనాగా గడియారం ప్రోగ్రాం ఇవ్వడం నాకు సరైన పద్ధతిగా తోచదు. నిమిషం నిమిషం మారేదాన్ని, నిలిచి ఉండటానికే పుట్టిన తెర మీద మొదటి పాఠంగా పెడుతున్నాం. బడి బస్సు వేళలో, అమ్మ వేసుకునే మందుల చీటీయో, రేషన్ ఇచ్చే తేదీయో పెట్టించండి. పిల్లలు ముందు వెళ్లి అది ఎప్పుడు మారుతుందో కనుక్కొస్తారు, ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చుంటారు.

మొదటి రోజుల్లో ఒక భయం మాత్రం తప్పదు. యూఎస్‌బీ చిప్పులోనే కలిసి ఉన్న ఈఎస్‌పీ32-ఎస్3, సీ3 రకాల్లో బోర్డు డీప్ స్లీప్‌లోకి వెళ్లగానే కంప్యూటర్లో పోర్టు మాయమైపోతుంది. కొత్త ప్రోగ్రాం ఎక్కించబోతే బోర్డే లేదంటుంది. కొందరు అది కాలిపోయిందనుకుని పక్కన పడేస్తారు. కాలిపోలేదు, నిద్రలో ఉంది. బూట్ బటన్ నొక్కి పట్టుకుని రీసెట్ నొక్కి వదిలితే పోర్టు తిరిగొస్తుంది. ప్రోగ్రాం కుదురుకునేదాకా, నిద్రకు ముందు పది సెకన్లు ఊరికే ఆగమని ఒక లైను రాసి ఉంచండి. గేటుకి బిగించే రోజున దాన్ని తీసేయండి.